వాగ్దానాల పెట్టెలో నా చెయ్యి

తొమ్మిదేళ్ళుగా ఒక అట్టముక్క నా గుండెల మీద కూర్చుని ఉంది. అరచేతిలో ఇమిడేంత ముక్క. ఈ రోజు దించుతున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా సంఘంలో ఒకమ్మాయి రాస్తోంది. నా మాటల్ని మెత్తగా చేయొద్దని ఆమెకు ముందే చెప్పాను. మీకూ ఒక మాట. జాలిపడొద్దు. క్షమించమని అడగడానికి నేను నోరు విప్పలేదు.

మా ఆయన ఒంగోలు దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాక ఇద్దరం అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోతే పిల్లలు, వంట, అంట్లు నా పాలు. నాలుగేళ్ళు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ గడిపాను. ఒక ఆదివారం మా తెలుగు చర్చి సంఘంలో, ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి సేవ చేసేవాళ్ళు కావాలన్నారు, రెండేళ్ళకు. మా ఆయన చెయ్యెత్తాడు. ఎత్తిన తర్వాత నా వైపు చూసి నవ్వాడు. అంతే, నన్ను అడగడం.

మొదటి నెల ఇద్దరం ఏడ్చాం. రేకుల ఇల్లు, బోరింగు పంపు, మూడు పూటలా మొక్కజొన్న పిండి ముద్ద. మన సంగటే అనుకుని నేను మింగాను. ఆయనకు గొంతు దిగలేదు. రెండో నెలకు నేను మారిపోయాను. అక్కడ రోగులకు వాళ్ళ చుట్టాలే ఆసుపత్రి పెరట్లో పొయ్యిలు పెట్టుకుని వండుకోవాలి. ఎవరూ లేనివాళ్ళకు నేను వండాను. బాలింతలకు జావ కాచాను, పసిబిడ్డలకు నూనె రాసి నీళ్ళు పోశాను. వాళ్ళ భాష నాకు రాదు, నాది వాళ్ళకు రాదు. పొయ్యి ముందు భాషతో పనేముంది? అమాయి, అమాయి అని పిలిచేవాళ్ళు. వాళ్ళ మాటలో అమ్మ అనే. నాకు చదువు రాదని అక్కడెవరికీ పట్టలేదు. ఒకరోజు ఒంట్లో బాగోలేక నేను వెళ్ళకపోతే నలుగురు ఆడవాళ్ళు వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. అరవై ఏళ్ళు వచ్చాక, మొదటిసారి నన్ను వెతికారు.

ఆయన మాత్రం చిక్కిపోయాడు. మిషన్ బడిలో ఆటలు నేర్పబోతే పిల్లలు ఆయన ఇంగ్లీషుకు నవ్వేవాళ్ళు. మోకాళ్ళు పట్టేసేవి. నాలుగో నెలలో బట్టల పెట్టె సర్దాడు. అయితే సంఘం ముందు నిలబడి రెండేళ్ళని మాటిచ్చిన మనిషి, దేవుడి సెలవు లేకుండా తిరిగిపోవడానికి సిగ్గుపడ్డాడు.

మా ఇళ్ళల్లో వాగ్దానాల పెట్టె ఉంటుంది. అందులో చిన్న చిన్న అట్టలు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం. పొద్దున ప్రార్థనయ్యాక కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాం. ఆ రోజుకు అదే ప్రభువు మాట. పెళ్ళిళ్ళూ ప్రయాణాలూ కూడా దాన్ని బట్టే తేల్చుకునేవాళ్ళు ఉన్నారు. ఆ రోజు ఉపవాస ప్రార్థన చేసి పెట్టె నా ముందుకు జరిపాడు.

"ఏమే, నువ్వే తియ్యి."

"నేనెందుకండీ? చదవను కూడా రాదు నాకు."

"అందుకేగా తియ్యమనేది! నీ చేతిలో మోసముండదు. నేను తీస్తే మనసెటుంటే అటు పోద్ది నా చెయ్యి."

"ఎటుందేంటి మీ మనసు?"

"ఇంటికాడ. ఇంకొక్క ముద్ద తిన్నానంటే నాకు కంకి పీచు మొలుస్తది."

ఇద్దరం నవ్వాం. నా మనసు ఎటుందో ఆయన అడగలేదు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. ముప్ఫై ఏళ్ళు ఆ అట్టల్ని ఆయన పైకి చదివితే విన్నది నేను. దుమ్ము దులిపి సర్దింది నేను. అక్షరం రాకపోయినా ఒక్కోటీ నా వేళ్ళకు తెలుసు. ఒకదాని మూల మా అమ్మాయి పసితనంలో కొరికింది. ఒకదానికి నూనె మరక. ఒకటి చిరిగితే నేనే అన్నం మెతుకులతో వెనక కాగితం అతికించాను, అది మందంగా ఉంటుంది. కరువుకు భయపడి పోబోతున్న ఒక మనిషిని దేవుడు ఆ దేశంలోనే ఉండమని ఆపిన మాట దాని మీదుంది. నేను కళ్ళు గట్టిగానే మూసుకున్నాను. ఆ మాత్రం భక్తి ఉంది. వేళ్ళు మాత్రం మందమైన అట్ట కోసం వెతికాయి.

ఆయన చదివాడు. సర్దిన పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా సణగలేదు. ఆ అట్టను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

వానాకాలంలో ఆయనకు జ్వరం తగిలింది. ఇక్కడ మందులు చాలవు, వెంటనే అమెరికా వెళ్ళిపొమ్మని నర్సమ్మ బతిమాలింది. ఆయన జేబులోంచి అట్ట తీసి ఆమెకు చూపించాడు, ప్రభువు ఉండమన్నాడని. నేను మంచం పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? అక్కడ ఉండిపోవాలనా? కాదు, అప్పటికి ఆ ఆశ లేదు. నన్ను చూసే ఆయన చూపు మారిపోతుందని భయపడ్డాను. ఆ చూపు కోసం మనిషిని పోగొట్టుకున్నాను. ఐదో రోజు ఆ ఎర్రమట్టిలోనే పూడ్చాం. ఇక్కడికొచ్చినా పోయేవాడేమో అంటారు కొందరు. ఆ ఓదార్పు నాకొద్దు.

మా అమ్మాయి ఆ అట్టకు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. ఏటా పాస్టరుగారు ఈ కథ సాక్ష్యంగా చెప్పి, దేవుడు వాడుకున్న చెయ్యి ఇదేనని నన్ను నిలబెడతారు. నిలబడతాను. కూర్చుంటాను.

మొన్న శనివారం ఈ రాసే అమ్మాయీ, వాళ్ళాయనా వచ్చారు. ఆ అబ్బాయి ఉద్యోగం మానేసి ఆఫ్రికా పోదామంటున్నాడు. ఉద్యోగంతో పాటు వీసా కూడా పోతుంది. పెట్టె తెచ్చుకున్నారు. "ఆంటీ, మీ చేత్తో ఒక్కటి తీయండి, ఏదొస్తే అదే ఫైనల్" అన్నాడు. నేను మూత వేసేశాను. టీ పెట్టమని అతన్ని వంటింట్లోకి తోలి, ఈమెను అడిగాను, నీకు వెళ్ళాలనుందా అని. జవాబు చెప్పేముందు ఈమె వంటింటి వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఏం చెప్పిందో అది ఆమెది, కాగితం మీదకు రాదు.

అక్కడ ఉన్నందుకు నేను చింతించను. ఆ పొయ్యిల దగ్గరి రోజులు నావి, ఎవరికీ తిరిగివ్వను. మంచం పక్కన నోరు మూసుకున్నందుకు చచ్చేదాకా కాలుతాను. రెండూ నిజమే. ఆయనకు నా చెయ్యి కావాల్సి వచ్చింది, నా మాట అక్కర్లేకపోయింది. అడిగుంటే ఉండిపోదామని చెప్పేదాన్ని. వినేవాడా? ఏమో. వినకుండా ఇంటికి తిరిగొచ్చినా బతికుండేవాడు.

వచ్చే ఆదివారం ఈ కాగితం సంఘంలో చదివిస్తాను. ఫ్రేములోంచి అట్ట తీసేశాను. దేవుడు నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఇంకో అట్ట మాత్రం తీయను. ఆ రోజు పెట్టెలో పెట్టిన చెయ్యి దేవుడిది కాదు. నాది. అమ్మాయీ, అలాగే రాయి.