లోపల వెలుతురే

ఆవిడ పేరు అడగలేదు. మా కాలేజీలో పనిచేసే ఆడవాళ్ళం స్కూబా డైవింగ్ చేద్దామని విజయవాడ నుంచి విశాఖ వెళ్ళినప్పుడు, ఒక లెక్చరర్ వెంట వచ్చిన వాళ్ళక్క. ఉయ్యూరావిడ. అరవై దాటిన మనిషి.

నీళ్ళలో మాట్లాడలేం కనుక సైగలు ముందే నేర్పారు. బొటనవేలెత్తితే పైకి పోదామని, వేళ్ళతో సున్నా చుడితే బాగున్నానని. నేను ముందు దిగి, బాగుందని చెప్పబోయి అలవాటు కొద్దీ బొటనవేలెత్తాను. శిక్షకుడు వెంటనే పైకి లాక్కొచ్చేశాడు. పడవంతా నవ్వులే.

ఆ ఉక్రోషంతో ఆవిడ మీద పడ్డాను. "ఒడ్డున కూర్చుని బజ్జీలు తినక మీకెందుకండీ ఇదంతా?"

"నువ్వు తినకపోయావా?" అని, మాస్కుకి అడ్డొస్తోందని ముక్కుపుడక తీసి నా చేతిలో పెట్టింది. "మా అబ్బాయి వరదప్పుడు కృష్ణలో దిగి మళ్ళీ రాలేదమ్మా. లోపలెలా ఉంటుందో చూడాలి."

ఆవిడా శిక్షకుడూ దిగి, చాలాసేపటికి పైకొచ్చారు. "ఎన్నిసార్లు పైకి పోదామన్నా సున్నాయే చూపిస్తారండీ ఈ మేడమ్‌గారు!" అని శిక్షకుడు విసుక్కున్నాడు.

ఆవిడ మొహం కూడా తుడుచుకోలేదు. "వాడు చీకట్లో ఉన్నాడనుకున్నానమ్మా ఇన్నేళ్ళూ. లోపల వెలుతురే," అంది.

వరదప్పటి కృష్ణ నాకు తెలుసు. అందులో ముంచిన చెయ్యి కూడా కనపడదు. ప్రతిదానికీ ఎదురు చెప్పే నేను, ముక్కుపుడక ఇచ్చేసి, వేళ్ళతో సున్నా చుట్టి చూపించాను.

ఇప్పటికీ వరదల్లో కృష్ణ బ్యారేజీ దాటేటప్పుడు ఆ ఎర్రనీళ్ళ వైపు చూడను. చూస్తే ఆవిడతో వాదించాల్సి వస్తుంది.