కొడుకే వచ్చినంక ఇంకెవరి కోసం?

మంగళవారం పొద్దున కల్లంలో పసుపు కొమ్ములు ఎండకు తిరగేస్తుంటే నా బిడ్డ పరుగున వచ్చింది. "బాపూ, టీచరమ్మ పోయింది" అంది. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఏడ్చాను. ఏడుస్తూనే, నా బిడ్డ ఇంత దూరం పరుగెత్తి రాగలిగిందే అని లోపల సంతోషపడ్డాను. చదివేవాళ్ళు తప్పుగా అనుకోకండి. ఆ సంతోషం కూడా టీచరమ్మ ఇచ్చి పోయిందే.

ఆమె మాకు చుట్టం కాదు. ఆర్మూర్‌లో మా వీధి చివరి ఇల్లు. సర్కారు బడిలో పనిచేసి రిటైరై, ఆదివారాలు మా రేకుల ప్రార్థన మందిరంలో పిల్లలకు బైబిలు వాక్యం చెప్పేది. పాఠం అప్పజెప్పిన పిల్లలకు కాదు, ప్రశ్న అడిగిన పిల్లలకు పుట్నాలు పెట్టేది. ప్రార్థన మాత్రం మరీ చిన్నది. మేమంతా ఊరి సంగతులన్నీ దేవునికి వరసగా చెప్పుకుంటుంటే, ఆమె తన వంతు రాగానే "అయ్యా, నీకు తెలుసు. ఆమేన్" అని కూర్చునేది.

"గంతేనా అక్కా?" అని అడిగాను ఒకసారి.

"ఆయనకు తెల్వనిది నీకేం తెలుసు తమ్మీ, అంతసేపు జెప్పుతున్నవ్?" అని నవ్వింది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. పోయిన ఏడు నా బిడ్డకు గొంతు మీద గడ్డ లేచింది. అన్నం మింగాలంటే కష్టం. నిజామాబాద్ డాక్టరు చూసి ఆలస్యం చేయకుండా తీసెయ్యాలన్నాడు. కత్తి అనగానే నాకు భయం పట్టుకుంది. ఆ భయంలో ఉండగా ఎవరో ఒకాయన గురించి చెప్పారు. దేవుడు ఆయనకు రోజూ కొత్త సంగతులు బయలుపరుస్తాడట, ఆయన వాటిని ఫోన్లో అందరికీ పంపుతాడట. బిడ్డ ఫోన్లో ఆ నంబరు ఎక్కించింది నేనే. "ఆగండి, మీ కోసం ఇంకో మాట రాబోతున్నది. అది రాకముందే దవాఖానకు పోతే కీడు" అని వచ్చేది. ఆపరేషన్ ఆపుకుని వారాలు గడిపాం. మాట రాలేదు, గడ్డ పెరిగింది. మా బిడ్డ గంజి తప్ప ఏమీ తాగలేని స్థితికి వచ్చింది.

అప్పుడే మా పసుపు తవ్వకం వచ్చింది. నా మనసు ఆ ఫోన్ మీదే. కడాయిలో ఒకసారి ఉడికిన పసుపే సరిగ్గా ఉడకలేదేమోనని అనుమానపడి, మళ్ళీ నిప్పు పెట్టాను. పసుపు పండించే ఇంట్లో పుట్టినవాడెవడూ చెయ్యని పని. కొమ్ములు మెత్తబడి రంగు చచ్చిపోయాయి. కల్లం దిక్కు వచ్చిన టీచరమ్మ ఒక కొమ్ము తీసి నొక్కింది. అది వేళ్ళకు ముద్దలా అంటుకుంది.

"ఏంది తమ్మీ, ఉడికిన పసుపును మళ్ళ ఉడకబెట్టినవా?"

"అనుమానం వచ్చిందక్కా."

"అనుమానమొస్తే పుల్ల గుచ్చి చూడాలె. మళ్ళ మంట వెడ్తరా ఎవరన్న?" అంటూ గోనెసంచి మీద కూర్చుంది. పక్కనే ఫోన్ పట్టుకుని కూర్చున్న నా బిడ్డను చూసింది. "నువ్వు గూడ గిదే పని జేస్తున్నవ్ బిడ్డా. దేవుడు చెప్పుడు అయిపోయిన మాటను, ఇంక అయిపోలేదని మళ్ళ పొయ్యి మీద వెడ్తున్నవ్."

"ఇంకో మాట వస్తదట టీచరమ్మా. అందాక ఆగుమన్నరు."

"ఎక్కడికెల్లి వస్తది? ముందు కాలంల దేవుడు ప్రవక్తలతోని కబురు పంపిండు. ఆఖరుకు కొడుకునే పంపిండు. కొడుకొచ్చి ఇంట్ల కూసున్నంక, నువ్వు వాకిట్ల నిలవడి ఇంకెవరి కోసం చూస్తున్నవ్?"

నా బిడ్డకు కోపం వచ్చింది. "మరి నా గడ్డ గురించి యేసయ్య ఏం జెప్పలే గద!"

టీచరమ్మ కొంగుతో వేళ్ళ పసుపు తుడుచుకుంది. "నిజమే, గడ్డ గురించి చెప్పలే. దేవుడు ఎసుంటోడో చెప్పిండు. ఎవ్వరు ముట్టని కుష్ఠురోగిని ముట్టుకున్నడు. గసుంటాయన నిన్ను దవాఖానకు పోనియ్యకుండ ఫోన్ల బెదిరిస్తడా? కొడుకు ముఖానికి సరిపడని మాట తండ్రిది కాదు బిడ్డా."

"నాకు కత్తంటే భయమైతుంది టీచరమ్మా."

"నాకూ భయమే. భయపడుకుంటనే పోదాం."

అన్నట్టే మాతో బస్సెక్కింది, ఆ నొప్పుల మోకాళ్ళతో. ఆపరేషన్ గది ముందు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "అయ్యా, నీకు తెలుసు" అంది. అంతే. గడ్డ తీసి పరీక్షకు పంపారు. ఆ కాగితం వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. అది చెడ్డ గడ్డ కాదని డాక్టరు చెప్పగానే, అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, దవాఖాన వరండాలో చేతులెత్తి గెంతాను. నర్సమ్మలంతా చూస్తున్నారు.

"జర ఆగు ముసలోడా, ఎగిరితే నిన్ను లోపల పండవెట్టాల్సొస్తది" అని టీచరమ్మ నా చొక్కా పట్టుకు లాగింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది: "ఒక్కటి యాదుంచుకో తమ్మీ. గది చెడ్డ గడ్డ అయినా, నేను కల్లంల చెప్పిన మాట మారేది గాదు."

ఆ మాట అప్పుడు నాకు సగమే ఎక్కింది. సంతోషంలో ఉన్నాను కదా. ఇప్పుడు పూర్తిగా ఎక్కుతోంది. మంచి కబురు వచ్చిందని కాదు ఆమె దేవుణ్ణి నమ్మింది. యేసులో దేవుడు తన మనసంతా విప్పి చూపించాడు, దాచుకున్నది ఏమీ లేదు, అందుకని నమ్మింది. ఈ ముక్క తెలిశాక నా భుజాల మీది బస్తా దిగినట్టుంది. నా దేవా, ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే!

చివరిసారి చూడబోయినప్పుడు ఆమె మంచం మీద ఉంది. "దేవుడు ఏమన్న చెప్తున్నడా అక్కా?" అన్నాను, ఊరికే.

"అంతా చెప్పిండు గద తమ్మీ. ఇంక పోయి చూసుడే" అంది.

టీచరమ్మను మట్టి చేసి వచ్చిన సాయంత్రం నా బిడ్డ కల్లం గట్టు మీద కూర్చుని, ఆకలవుతోందని జొన్నరొట్టె అడిగింది. ఒకటి తిన్నది, ఇంకోటి తిన్నది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తింటూనే ఉంది. చెంబెత్తి గటగటా నీళ్ళు తాగింది. పచ్చటి రాశుల మీద పొద్దు వాలుతుంటే, గొంతు మీది ఆ సన్నటి ఎర్రగీత గుటక గుటకకూ పైకీ కిందికీ కదలడం చూస్తూ నిలబడ్డాను.