తడవని కళ్లజోడు

ఆమోసు గారు పడతారు. ఆయన గురించి ముందుగా చెప్పాల్సిన మాట అదే. మోకాలి లోతైనా, చీలమండ లోతైనా, నీళ్లు కనిపిస్తే చాలు, దభేల్‌మని పడతారు. పాలకొల్లు కాలవల్లో ఈతలు కొట్టి పెరిగిన మనిషి, ఇరవై ఏళ్లుగా చేపల మీద పరిశోధన చేస్తున్న మనిషి, హవాయిలో కొండవాగు దాటమంటే అప్పుడే నడక నేర్చిన పసివాడైపోతారు.

1984లో నేను చదువుకోడానికొచ్చి ఆయన పనిచేసే బృందంలో చేరాను. కవాయి దీవిలో, వాగులు పుట్టే కొండల్లో, ఓఓపు అనే చేపల్ని లెక్కపెట్టడం మా పని. ఈ ఓఓపు వేలెడంత ఉండి, పొట్ట కింది రెక్కతో రాయికి అతుక్కుని జలపాతమే ఎక్కేస్తుంది. దాన్ని చూడ్డానికొచ్చిన ఆమోసు గారు మాత్రం చదునైన రాయి మీద కూడా నిలబడలేరు.

"మీ తెలుగువాళ్లంతా ఇంతేనా?" అని తోటి విద్యార్థి టామ్ నవ్వినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. బృందంలో తెలుగువాళ్లం ఇద్దరమే మరి. ఆయన పడితే పరువు నాదీ పోయేది.

మా బృందాన్ని నడిపే మేడమ్ హెలెన్ గారికి ఒకటే పట్టింపు. నీళ్లలో మొహం పెట్టి కదలకుండా లెక్కపెట్టాలి. ఎవరైనా పడ్డారా, చేపలన్నీ రాళ్ల కింద దూరతాయి, ఆ మడుగు లెక్క పోయినట్టే. చేరిన వారంలోనే నేను రెండుసార్లు జారాను.

"జయంతీ, ఇంకోసారి పడ్డావంటే ల్యాబ్‌కి పంపేస్తాను. సీసాలు కడుక్కుందువుగాని" అన్నారావిడ. చేపలు లెక్కపెట్టకుండా నా థీసిస్ ఎలా పూర్తవుతుంది? నా చదువంతా ఆ వాగులోనే ఉంది.

ఆ తర్వాత జారలేదా అంటే, జారాను. కానీ నేను జారిన ప్రతిసారీ ఆమోసు గారు నాకంటే ఘనంగా పడేవారు. నాది బుడుంగ్ అయితే ఆయనది దభేల్. తిట్లన్నీ ఆయనకే. ఆయన లేపిన అలకే నా కాలు జారిందని నా గట్టి నమ్మకం.

"ఏంటండీ ఇది?" అనేదాన్ని విసుగ్గా.

"ఏం చేయమంటావమ్మాయ్, పాచి! సబ్బు రాసినట్టున్నాయి రాళ్లు."

"ఇంత పడినా మీ కళ్లజోడు తడవదేం?"

"అంతా ప్రభువు దయ!"

చివరికి ఒకరోజు ఓ పెద్ద మడుగు దగ్గర నోరు విప్పేశాను.

"ఆమోసు గారూ, ఏమీ అనుకోకండి. ఇవాళొక్కరోజు ఒడ్డునే ఉండండి. టామ్ ముందు తలెత్తుకోలేకపోతున్నాను."

ఆయన మొహం కాస్త చిన్నబోయింది. "అలాగేనమ్మా, భోజనాల సంగతి చూస్తాన్లే" అంటూ, తాను కలుపుకొచ్చిన పులిహోర డబ్బా పక్కన కూర్చున్నారు.

మడుగు మధ్యకెళ్లానో లేదో నా కాలు జారింది. చేతులు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి. పట్టుకోడానికి కొమ్మ లేదు, నెపం వేయడానికి ఆమోసు గారూ లేరు. అయిపోయింది నా చదువు అనుకుంటూ ఒడ్డువైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు. గబగబా కళ్లజోడు తీసి రాయి మీద పెట్టారు. పులిహోర డబ్బా చంకన పెట్టుకున్నారు. దభేల్!

"ఆమోస్! ఒడ్డు మీంచి కూడానా?" హెలెన్ గారు కేక పెట్టారు. టామ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మోకాళ్ల మీద కూలబడ్డ నన్ను ఎవరూ చూడనేలేదు. పసుపుపచ్చని మెతుకులు నా ముందునుంచే తేలిపోతుంటే, అంత చల్లటి నీళ్లలోనూ నా మొహం సిగ్గుతో మండిపోయింది. ఇన్నాళ్లూ నేను తలదించుకున్నది ఈ మనిషిని చూసా!

సాయంత్రం సామాన్లు సర్దుతూ మెల్లిగా అడిగాను. "మీరు కావాలనే పడతారు కదూ?"

"భలేదానివే! కావాలని ఎవరైనా పడతారా? నా కాళ్లే అంత, అమ్మాయ్."

అంటూనే నా సంచీ ఒక భుజానికీ తన సంచీ ఇంకో భుజానికీ తగిలించుకుని, ఆ పాచిరాళ్ల మీద చకచకా అడుగులేసుకుంటూ, బూటు కొస కూడా తడవకుండా వాగు మధ్యదాకా వెళ్లిపోయారు. అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు టక్కున ఆగారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. సంచులు రెండూ ఓ రాయి మీద దించి, కళ్లజోడు తీసి వాటి మీద జాగ్రత్తగా పెట్టి, పడ్డారు.