వంశీ పాదానికి సామ్యేలు బూట్లు

మొన్న విశాఖపట్నంలో ఉన్నట్టుండి వాన అందుకుంటే తల దాచుకోవడానికి ఒక చెప్పుల కొట్లోకి దూరాను. కొత్త రబ్బరు వాసన, అట్టపెట్టెల వాసన, బూట్లలో కుక్కే పల్చటి కాగితం వాసన, అన్నీ కలిసి గుప్పుమన్నాయి. కొట్టతను "ఏం చూపించమంటారమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను మాత్రం బహ్రెయిన్‌లోని జిదాఫ్స్ బజారులో ఉన్నాను. అక్కడ ఒక బూట్ల కొట్లో నేల మీద చతికిలబడి, మా అబ్బాయి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బూటు తొడుగుతున్న రూతక్కను చూస్తున్నాను. ఆమె నాకు తోబుట్టువు కాదు, చుట్టం అంతకంటే కాదు. అయినా మా ఇల్లు ఇప్పుడిలా ఉందంటే ఆమె వల్లే. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

తొంభైల మొదట్లో మా ఆయన బహ్రెయిన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపరు. ఫ్యామిలీ వీసా రాగానే నన్నూ, అయిదేళ్ళ వంశీనీ పిలిపించుకున్నారు. కాకినాడ ఎండలు తిన్నదాన్ని, నన్ను ఏ ఎండ ఏం చేస్తుందిలే అనుకుంటూ జూలైలో దిగాను. ఆ గర్వం ఒక్కరోజు కూడా నిలవలేదు. చన్నీళ్ళ కుళాయి తిప్పి చెయ్యి పెడితే చుర్రుమంది. మేడ మీద ట్యాంకు పొద్దుటినుంచీ కాగుతోందని నాకేం తెలుసు? నా కేక విని ఎదురు ఫ్లాటులోంచి తెల్ల యూనిఫారంతో ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. ఆవిడే రూతక్క. తనది తెనాలి దగ్గర పల్లెటూరనీ, ఒక క్లినిక్‌లో నర్సుననీ చెబుతూనే నేరుగా స్నానాలగదిలోకి నడిచి గీజరు స్విచ్చి కట్టేసింది.

"ఎండాకాలం దీన్ని ఆపెయ్యాలమ్మాయ్. గదిలో ఉంటది గదా, ఇందులో నీళ్ళు చల్లబడతయ్. చన్నీళ్ళు కావాలంటే వేణ్ణీళ్ళ కుళాయి తిప్పుకో. ఈ దేశంలో అన్నీ తలకిందులే, నాలుగు రోజులు పోతే అలవాటైపోద్ది" అంది, నా చేతికి మందు రాస్తూ.

వారాలు కూడా తలకిందులే. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి రూతక్కావాళ్ళకు శుక్రవారమే ఆదివారం. పొద్దున తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత షికారు. ఆమె భర్త డేనియల్ గారు చమురు కంపెనీ ఊరైన అవాలిలో ఎలక్ట్రీషియను. వారమంతా అక్కడ క్యాంపులోనే ఉండి గురువారం సాయంత్రం తన పాత కారులో ఇంటికొచ్చేవారు. ఏసీ వేస్తే ఆ కారు ఇంజను కాగిపోయేది, ఇంజను చల్లగా ఉండాలంటే మేం కాగాలి. ఆ కారులోనే మేం అయిదుగురం దేశమంతా తిరిగాం. చలికాలంలో అవాలి వైపు ఇసుకలో చాప పరుచుకుని, తలలూపుతున్న చమురు పంపులను చూస్తూ పులిహోర తినేవాళ్ళం. వేసవిలో పొద్దువాలాక సముద్రానికి పోయేవాళ్ళం. అల లేని సముద్రం ఏం సముద్రం, ఉప్పునీళ్ళ చెరువు అని నేను ఈసడించేదాన్ని. "చెరువైతే చెరువు, పిల్లోణ్ణి దింపు, ముంచేదేం లేదు" అని రూతక్క వంశీని చంకనేసుకుని మోకాటి లోతు నీళ్ళలోకి నడిచేది. వారమంతా తలుపులేసుకుని ఏసీ రొద వింటూ కూర్చునే నాకు ఆ శుక్రవారాలే ఊపిరి. అవే లేకపోతే నేను ఏడాది తిరగకముందే మా అమ్మ దగ్గరికి చేరిపోయేదాన్ని.

తిరిగొచ్చేటప్పుడు నెలకొకసారైనా కారు జిదాఫ్స్ బజారులో ఆగేది. గల్ఫులో మా వాళ్ళందరి మంచాల కిందా ఒక అట్టపెట్టె ఉండేది. లీవులో ఇంటికి పట్టుకెళ్ళడానికి సబ్బులూ, పాలడబ్బాలూ, సెంటుసీసాలూ ఏడాది పొడుగునా అందులో పోగేసేవాళ్ళం. రూతక్క పెట్టె నిండా మాత్రం పిల్లవాడి బట్టలే. ఆమెకు సామ్యేలని ఒక్కడే కొడుకు, వంశీ ఈడువాడు. ఈమెకు రాత్రీపగలూ మారే డ్యూటీలు, ఆయనకు క్యాంపు. పిల్లవాణ్ణి చూసే దిక్కు లేక రెండేళ్ళప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలొచ్చారు. ఆ తర్వాత గుంటూరులో హాస్టల్లో వేశారు. రెండేళ్ళకొకసారి లీవులో వెళ్ళినప్పుడే చూడటం. అందుకని చొక్కా కొనాలన్నా, బూట్లు కొనాలన్నా కొలతకు వంశీనే నిలబెట్టేది.

ఒకసారి వాడు విసిగిపోయాడు. ఒక జత బూట్లు తొడిగింది, విప్పింది, ఇంకోటి తొడిగింది, బొటనవేలి దగ్గర నొక్కి చూసింది. "నావి కాని బూట్లు నాకెందుకు తొడుగుతావు? నేను తొడుక్కోను!" అని అరిచి వాడు బూటు విసిరికొట్టాడు. అది వెళ్ళి అద్దానికి తగిలింది. నాకు తల కొట్టేసినట్టయింది. వీపు మీద ఒక్కటిచ్చాను. రూతక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొట్టమాక. అరవనీ వాణ్ణి" అంది. బూటు తెచ్చుకుని, విసిరిన ఆ జతనే సామ్యేలు కోసం కొన్నది. దారి పొడుగునా వంశీ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె వాడినే చూస్తూ కూర్చుంది.

వంశీకి ఏడేళ్ళు వచ్చేసరికి మా ఇంట్లోనూ హాస్టలు మాట మొదలైంది. ఇక్కడే ఉంటే వాడికి తెలుగు రాదనీ, చదువు గట్టిపడదనీ మా ఆయన బెంగ. తోటివాళ్ళందరూ పంపిస్తున్నారు. నాకూ ఒక ఆఫీసులో టైపిస్టు పని వచ్చేలా ఉంది, పిల్లవాడు ఇంట్లో ఉంటే కుదరదు. నేనూ సరేనన్నాను. విజయవాడలో సీటు ఖాయమైంది. జూన్‌లో నేను వెళ్ళి దింపి రావాలి. రాత్రిపూట లేచి పక్కగదిలో నిద్రపోతున్నవాడి దుప్పటి సరిచేసి వచ్చి, అందరూ చేసేదే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. ఆ మాట రూతక్కకు చెబితే "ఊఁ" అని ఊరుకుంది. అప్పుడే ఆమె లీవులో బయల్దేరుతోంది, సామాను కట్టే తొందరలో ఉందనుకున్నాను.

మే నెలాఖరున తిరిగొచ్చింది. మొదటి శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే సముద్రానికి వెళ్ళాం. వంశీ, డేనియల్ గారు నీళ్ళ అంచున గవ్వలేరుతున్నారు. మా ఆయన ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, "మావాడికి సీటొచ్చిందండి అక్కయ్యగారూ, ఇంకో రెండు వారాల్లో ప్రయాణమండి" అన్నారు. ఆమె గ్లాసు అందుకోలేదు.

"నేను తీసుకెళ్ళిన బూట్లు మావాడికి సరిపోలేదు తమ్ముడూ" అంది.

బూట్లకూ సీటుకూ సంబంధమేమిటో ఆయనకు అర్థం కాలేదు. "మార్చుకుంటే పోయేది గదండీ" అన్నారు.

"సరిపోలేదని వాడు చెబితే గదా! తొడుక్కున్నాడు. బాగున్నయ్ మమ్మీ, థాంక్యూ అన్నాడు. వారం రోజులు అవే తొడుక్కుని నా ఎనకమాలే తిరిగాడు. ఓ మధ్యాహ్నం చాప మీద నిద్రపోతంటే కాళ్ళు చూశా. మడమలు రెండూ పుండ్లు. మీవాడి కంటే వాడి పాదం రెండు సైజులు పెద్దది. నేను నర్సుని, కన్నబిడ్డ కుంటుతున్నాడని వారం దాకా కనుక్కోలేకపోయాను."

"ఎందుకు చెప్పలేదట?" అన్నాను నేను.

"నేనూ అదే అడిగా. నువ్వు అంత దూరం నించి తెచ్చావు గదా, బాగోలేదంటే నువ్వేమనుకుంటావో అన్నాడు." ఆమె నా వైపు తిరిగింది. "నీ కొడుకు ఆరోజు కొట్లో బూటు ఇసిరికొట్టాడు చూడు, నాకెంత కుళ్ళుగా ఉందో ఇప్పుడు చెబుతున్నా. మావాడు నా మీద ఒక్కనాడు అరవలా. ఏం పెడితే అది తింటాడు. కసిరితే తల వంచుకుంటాడు. మీ అబ్బాయి ఎంత బుద్ధిమంతుడో అని ఊళ్ళో అంతా మెచ్చుకుంటన్నారు. చుట్టాలతో ఎవరు పోట్లాడతారమ్మాయ్?"

తర్వాత మా ఆయనతో, "పంపమాకయ్యా. తెలుగుదేముంది, నేను నేర్పుతా" అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు.

రెండు రోజులు పోయాక మా ఆయన అన్నం తింటూ, "ఈ ఏడాదికి ఉండనీలే" అన్నారు. ఆ 'ఈ ఏడాది' వంశీ పదో తరగతి అయ్యేదాకా సాగింది. టైపిస్టు ఉద్యోగం ఇంకొకరికి పోయింది. కొన్నాళ్ళు దిగులుపడ్డాను, కాదనను. రూతక్క అన్నమాట ప్రకారం డ్యూటీ లేని సాయంత్రాలు వంశీకి గుణింతాలు దిద్దించింది. వాడు ఆమెను చాలా సతాయించాడు, ఆమె ఒక్కనాడూ విసుక్కోలేదు.

మరుసటేడు ఆమె ఉద్యోగం మానేసింది. చేతిలో ఉన్న మంచి పని వదులుకుంటావా అని తెలిసినవాళ్ళంతా తిట్టారు. డేనియల్ గారు బహ్రెయిన్‌లోనే ఉండిపోయారు, ఆమె ఒక్కతే వెళ్ళి హాస్టలు నుంచి పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకుంది. ఆమె వెళ్ళిపోయాక మా శుక్రవారాలు చప్పబడ్డాయి. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం తెనాలి నుంచి ఫోనొచ్చింది. అంత దూరం నుంచి ఊరికే ఫోన్లు చేసే రోజులు కావవి. ఏం కబురు వినాలోనని భయపడుతూనే రిసీవరెత్తాను.

"పద్మా! సామ్యేలు నన్ను తిట్టాడే!" ఆమె గొంతు అది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పప్పు ఉప్పగా ఉందని కంచం నెట్టేశాడు. నీకసలు వంట రాదు, అమ్మమ్మే నయం అన్నాడు. తలుపు ధడేల్మని ఏసుకుని పోయాడే!"

"మరి నువ్వేం చేశావక్కా?"

"ఏం చేస్తా, అన్నం మీద మూతపెట్టి కూర్చున్నా. ఇంట్లో మడిసేగా, ఆకలేస్తే వాడే వస్తాడు!"

వంశీకి ఇప్పుడు పెళ్ళయింది, పిల్లలున్నారు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. రోజూ ఎవరో ఒకరు అలుగుతారు, ఎవరో ఒకరు తలుపు ధడేలుమనిపిస్తారు. ఆ చప్పుడు వినగానే నేను వంటింట్లోకి వెళ్ళి మూత వెతుకుతాను.