స్రవంతి ప్లాన్‌లో ఆమ్‌స్టర్‌డామ్

నిన్న మధ్యాహ్నం స్రవంతి రూమ్మేట్ ఫోన్ చేస్తే, “మళ్ళీ ప్లాన్ మార్చిందా?” అని నవ్వుతూ ఎత్తాను.

అటువైపు ఏడుపు.

స్రవంతి సార్నియా నుంచి బ్రాంప్టన్‌లో ఉన్న నా దగ్గరికే కారులో బయల్దేరింది. హైవే మీద ఐస్. హాస్పిటల్ దాకా కూడా ప్రాణం నిలవలేదట.

ఇంకా నమ్మలేకపోతున్నాను. ఫోన్ మోగితే తనే అనుకుంటున్నాను.

కాలేజీ రోజుల్లో సార్నియాలో ఒకే ఇంట్లో ఏడుగురం ఉన్నాం కదా. మీ అందరికీ ఆ ఆమ్‌స్టర్‌డామ్ కథ తెలుసు.

కెనడా నుంచి మొదటిసారి హైదరాబాద్ వెళ్తూ, తనూ నేనూ ఆమ్‌స్టర్‌డామ్ చూడాలని కావాలనే పదకొండు గంటలు ఆగే ఫ్లైట్ తీసుకున్నాం. స్రవంతి ఎక్సెల్ షీట్ వేసింది. తొమ్మిదికి బోట్. పదకొండుకి మ్యూజియం. ఒంటిగంటకి కాలువ గట్టున పులిహోర. తర్వాత ట్రైన్‌లో గాలిమరల ఊరు. బాత్రూమ్ బ్రేకులు కూడా రాసింది మహాతల్లి.

ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఆఫీసర్ మా పాస్‌పోర్టులు వెనక్కిచ్చేశాడు. స్టడీ పర్మిట్ కెనడాకే, బయటికి వెళ్ళాలంటే ఇక్కడి వీసా కావాలన్నాడు.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

తను నా బ్యాగ్ కూడా భుజాన వేసుకుని, “లేవే, బోట్ టైం అయితుంది” అంది.

ఆ రోజంతా ప్లాన్ ప్రకారమే తిరిగాం, ఎయిర్‌పోర్ట్ లోపలే. కదిలే బెల్ట్ మీద నిలబడి ఇదే బోట్ అంది. పెర్ఫ్యూమ్ షాపు మ్యూజియం అయింది. ఒంటిగంటకి ఠంచనుగా గేటు దగ్గర నేల మీద కూర్చుని పులిహోర డబ్బా తీసింది. పక్కనున్న డచ్ ముసలావిడకీ పెట్టింది.

కిటికీలోంచి విమానాలు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా అంత సంతోషంగా నేను ఇంకే ఊరూ చూడలేదు.

తర్వాత మీరంతా తనకి ‘టూర్ మేనేజర్’ అని పేరు పెట్టారు. వీసా చూసుకోకుండా యూరప్ ప్లాన్ చేసిందని ఇన్నేళ్ళూ ఏడిపించారు. తనూ నవ్వేది.

ఇవాళ ఒక మాట చెప్పాలి.

వీసా సంగతి చూడమని తను నాకే అప్పజెప్పింది. నేను వాట్సాప్ గ్రూపులో ఎవరో సీనియర్ పెట్టిన వాయిస్ నోట్ విని, “చూశాను, స్టడీ పర్మిట్ చాలు” అని తనకి చెప్పేశాను.

తప్పు నాది.

అందరికీ తప్పు నీదని ఎందుకు చెప్పావే అని ఒకసారి అడిగాను.

“నిన్నంటే ఏడుస్తవ్. నాకేమైతది?” అంది.

నేనూ హాయిగా ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

పోయిన వారం మా ఇద్దరికీ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళడానికి వీసాలు వచ్చాయి. ఏప్రిల్‌కి టికెట్లు. ఈసారి పేపర్లన్నీ నేనే మూడుసార్లు చూశాను. నిన్న తను వస్తోంది, ఆ పాత షీట్ ముందేసుకుని నాతో కూర్చోవడానికే.

ఏప్రిల్‌లో నేను వెళ్తాను. ఒంటిగంటకి కాలువ గట్టున ఇద్దరికి సరిపడా పులిహోర విప్పుతాను. నువ్వు లేకుండా ఎలా తింటానో తెలియదు.

నీ ప్లాన్‌లో ఏ తప్పూ లేదు స్రవంతీ. అందరికీ చెప్పేశాను.

ఇక ప్రశాంతంగా పడుకోవే.