ఊరికి బస్సు వచ్చే కాలేజీ

తొంభైల మొదట్లో నేను మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పడానికి చేరాను. అప్పట్లో పిల్లల చదువులను పాడుచేసేది జాతకమేనని గట్టిగా నమ్మేదాన్ని. బస్టాండు వెనక సందులో ఒక పంతులుగారు ఉండేవారు. పదో తరగతి ఫలితాలు రాగానే ఆయన అరుగు నిండిపోయేది. ఎంపీసీలో చేర్చాలా, బైపీసీలో చేర్చాలా అన్నది పిల్లవాడి నక్షత్రాన్ని బట్టి తేల్చి చెప్పేవారు. ఒక వేసవిలో నేను ఆ అరుగు మీదికే వెళ్ళి, వచ్చినవాళ్ళందరి ముందూ ఆయనతో వాదానికి దిగాను. ఒకే గంటలో, ఒకే ఆసుపత్రిలో పుట్టిన ఇద్దరు పిల్లలకు ఒకే చదువు ఎందుకు అబ్బలేదో చెప్పమన్నాను. ఆయన శాంతంగా విని నాకు మజ్జిగ ఇప్పించారు.

"అమ్మా, మీరు చెప్పేది నిజమే కావచ్చు. గని వాళ్ళకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలె గదా? మీ కాలేజోళ్ళు చెప్తున్నరా?" అన్నారు.

ఆ మాటకు మండిపోయాను. మజ్జిగ తాగకుండానే వచ్చేశాను. కాని ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. శనివారం చివరి గంట తర్వాత, ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలను కూర్చోబెట్టి ఇంటర్ తర్వాత ఏ చదువులున్నాయి, ఏ పనులున్నాయి, ఎక్కడున్నాయి అని మాట్లాడటం అలా మొదలైంది. జీతం పెరగని పని, ఎవరూ అడగని పని. మా అటెండరు దానికి "మేడం పంచాయితీ" అని పేరు పెట్టాడు.

రెండువేలు దాటాక పంతులుగారి అరుగు ఖాళీ అయింది. అది నా వాదనల బలమని కొన్నాళ్ళు మురిసిపోయాను. అసలు సంగతి వేరు. గండిమైసమ్మ చుట్టూ, మేడ్చల్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. పొద్దున ఏడు గంటలకు పసుపు బస్సులు బారులు తీరి ఊళ్ళలోకి వచ్చేవి. ఏ కాలేజీలో చేర్చాలనుకుంటున్నారని ఏ తండ్రిని అడిగినా ఒకటే జవాబు.

"మా ఊరికి బస్సు వస్తది మేడం."

అధ్యాపకులు ఎలాంటివాళ్ళు, ప్రయోగశాల ఉందా, చదివినవాళ్ళకు ఏం పని దొరికింది అనే ప్రశ్నలు ఎవరికీ లేవు. బస్సు ఇంటిముందు ఆగుతుందా, మలుపు దగ్గర ఆగుతుందా అన్నదే లెక్క. ఆడపిల్ల విషయంలో మరీను. శామీర్‌పేట అవతల ఒక ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఒకే కాలేజీ పిల్లలు. పక్క ఊళ్ళో అందరూ ఇంకో కాలేజీ. నక్షత్రం పోయి ఇంటి ముందు రోడ్డు వచ్చింది. జాతకంతోనైతే వాదించవచ్చు. బస్సుతో వాదించేదెలా? అది నిజంగానే వస్తుంది.

ఇళ్ళలో తగువులు పెరిగాయి. పిల్లలు నా దగ్గరికి వచ్చి ఏడ్చేవారు, తల్లిదండ్రులు వచ్చి అరిచేవారు. అప్పుడు నేను నా చిన్ననాటి పద్ధతిని బయటికి తీశాను. మా నాన్న నన్ను చర్చాసభలకు తీసుకుపోయేవాడు. దేవుడున్నాడా లేడా, కులం పోవాలా వద్దా అని అక్కడ రాత్రి దాకా వాదించుకునేవారు. అక్కడొక నియమం ఉండేది. అవతలివాడి వాదాన్ని ముందుగా నువ్వు చెప్పాలి. అతను "అవును, అదే నా మాట" అని ఒప్పుకోవాలి. అంతవరకు ఖండించడానికి నీకు హక్కు లేదు. అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్ళకు అభిప్రాయమే ఉండకూడదు. ఈ నియమాన్ని శనివారాల్లోకి తెచ్చాను. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేయించి, ఒకదాంట్లో పిల్లను, ఇంకోదాంట్లో తండ్రినో తల్లినో కూర్చోబెట్టేదాన్ని. చాలామంది మొదటి మెట్టే ఎక్కలేకపోయేవారు. కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. ఒక తల్లి నన్ను తిట్టిపోసింది. నాకు ఓపిక తగ్గుతూ వచ్చింది.

అలాంటి ఒక శనివారం సాయంత్రం తూంకుంట నుంచి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. పసుపు బస్సు డ్రైవరే. గండిమైసమ్మ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తాడు. పిల్లలను దింపి, ఖాళీ బస్సును మా గేటు ముందు ఆపి, ఖాకీ చొక్కాతో లోపలికి వచ్చాడు. కూతురు ఎంపీసీ మొదటి సంవత్సరం, నా విద్యార్థిని. తండ్రి తాను పనిచేసే కాలేజీలోనే కంప్యూటర్ల కోర్సులో చేర్చాలంటాడు. అక్కడ ఎంత ర్యాంకు వచ్చినా సీటు దొరుకుతుంది. అమ్మాయికి సివిల్ ఇంజనీరింగ్ కావాలి. ఆ కాలేజీలో సివిల్ లేదు. దానికోసం సిటీలోని యూనివర్సిటీ కాలేజీకి పోవాలి, అందులో సీటు రావాలంటే ఇప్పటినుంచే అల్వాల్‌లో కోచింగ్‌లో చేరాలి. చేర్చాలా వద్దా అన్నదే వాళ్ళ తగువు.

"జల్దీ కానియ్యండి మేడం, బండి రోడ్డు మీదుంది," అన్నాడు కూర్చుంటూనే.

"ముందు మీ అమ్మాయి మాట మీరు చెప్పాలి."

"దాని మాట గది చెప్తది గద? నోరు బానే ఉన్నది."

"లేదు, మీరే చెప్పాలి. తను అవుననేదాకా."

ఆయన నా వంక అనుమానంగా చూసి, కూతురి వైపు తిరిగాడు. "ఏముంది, దీనికి సిటీ మోజు."

"కాదు," అంది అమ్మాయి.

"దోస్తులు పోతున్నరని."

"ఏ దోస్తు పోతుందో ఒక్క పేరు చెప్పు."

"నేను ఏది చెప్తే దానికి ఉల్టా జెయ్యాలె. గదే దీని చదువు."

"నాయినా!"

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు కల్పించుకున్నాడు. "డ్రైవర్ సాబ్, మూడు వికెట్లు పడ్డయ్."

ఆయన నవ్వలేదు. బస్సు తాళాలను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "మా పక్కోళ్ళ ద్రాక్షతోట ప్లాట్లు జేసిన్రు మేడం. కొలిచేటోళ్ళు వచ్చి మూడు కాళ్ళ మీద దుర్బిన్ పెట్టిన్రు. ఇది బడి ఎగ్గొట్టి పొద్దంత ఆడనే నిలవడ్డది. ఆ లేఅవుట్ రోడ్డుకు మా జాగ గూడ కొంత పోయింది. కాయితం మీద సంతకం పెట్టిన గని, కొలత నాకు తెల్వలే. మనకు కొలుసుడు వస్తే మోసపోకపోదుము గదా అని దీని కడుపుల మంట. మళ్ళ ఎవ్వని భూమి గట్ల పోవద్దని సివిల్ అంటాంది."

ఇంత మంచి వాదం ఆ గదిలో అంతకుముందు నేను వినలేదు. అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"గంత పెద్ద ముచ్చట లేదు నాయినా. జాగ ముచ్చట నీ కడుపుల ఉంది. నాకు ఆ దుర్బిన్ల చూసుడు నచ్చింది. దూరమున్న కట్టె దగ్గరికొచ్చింది, దాని మీద అంకెలు కనవడ్డయ్. నాకు గా పని గావాలె."

"గంతేనా?"

"గంతే."

"గంత దానికి ఏడాది సంది కొట్లాడుతున్నవా నాతోని?" అని ఆయన నా వైపు తిరిగాడు. "దుర్బిన్ గావాల్నట మేడం. గదే దీని మాట."

"అవును," అంది అమ్మాయి. "అదే నా మాట."

తర్వాత అమ్మాయి వంతు.

"నాయినకు భయం. రెండు బస్సులు మారాలె, సికింద్రాబాద్‌ల మంది ఎక్కువ..."

"డ్రైవర్‌ను నేను. రోడ్డుకు భయపడుతనా?"

"స్టాఫ్ పిల్లలకు ఫీజు తగ్గిస్తరని."

"అదున్నది. గని అది కాదు."

"నన్ను బస్సుల ముందట సీట్ల కూసోవెట్టుకోవాలని."

"దగ్గరికొచ్చినవ్."

అమ్మాయి కింది పెదవి కొరుక్కుంటూ తండ్రి చొక్కా వైపే చూసింది. తర్వాత తగ్గు స్వరంతో చెప్పింది. "గేటు కాడ పిల్లలు దిగి లోపలికి పోతరు. నువ్వు బండి తీస్కొని ఎనక షెడ్డుకు పోవాలె. డ్రైవర్లను ఆ గేట్ల నుంచి పోనియ్యరు. ఒకపారి నువ్వు టిఫిన్ మర్శిపోతే నేను తెచ్చిన. నన్ను గూడ ఆపిన్రు. 'డ్రైవర్ బిడ్డ, ఆడనే ఉండనీ' అన్నరు. ఆ దినం నువ్వు అన్నం తినలే. అదే గేటు కాడ నేను నీ బస్సు దిగి, అందరి లెక్క లోపలికి పోవాలె. నువ్వు స్టీరింగ్ మీద కూసోని చూడాలె."

నియమం ప్రకారం ఒక మాట అనాలి కాబట్టి ఆయన అన్నాడు.

"అవును. అదే నా మాట."

ఇక ఖండనలు మొదలు కావాలి. నేను ఇద్దరి వైపూ చూశాను. ముందు అమ్మాయే నోరు విప్పింది.

"నీ కాలేజీకే వస్త నాయినా."

"మరి దుర్బిన్?"

"దుర్బిన్ల చూడకుంటే సచ్చిపోత?"

"నోర్ముయ్. కోచింగ్‌కు పో. సిటీకే పోవాలె నువ్వు."

"నేను పోను."

"ఎట్ల పోవో చూస్త!"

"నువ్వే గదా వద్దన్నవ్ ఏడాది సంది!"

"ఇప్పుడు పొమ్మంటున్న!"

అటెండరు తాళంగుత్తి ఎత్తి చూపించాడు. "మేడం, అటోళ్ళు ఇటు అయిన్రు, ఇటోళ్ళు అటు అయిన్రు. నేను ఇంటికి పోవాల్నా వద్దా?"

నేను ఏం చేయాలి? అవతలివాడి వాదం అర్థమైతే సత్యం దగ్గరవుతుందని మా పెద్దలు నేర్పారు. ఇద్దరికీ అర్థమై, ఇద్దరూ పక్షాలు మార్చుకుని, మునుపటికంటే గట్టిగా కొట్లాడుకుంటే అధ్యక్షురాలు ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. నాకు ఒక అభిప్రాయం ఉంది. అమ్మాయి సివిలే చదవాలి. కాని చెప్పకూడదన్నది నేను పెట్టిన నియమమే. ఎన్నో ఏళ్ళ ఎండల్లో తిరిగినంత అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. బయట రోడ్డుకు అడ్డంగా ఉన్న బస్సు వెనక ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. వాళ్ళు కొట్లాడుకుంటూనే వెళ్ళిపోయారు.

అమ్మాయి కోచింగ్‌లో చేరిందని తర్వాత తెలిసింది. "చదువైతే చదువు, ఆఖరుకు చూద్దామన్నడు నాయిన," అని చెప్పింది. మరుసటి ఏడు ఇంటర్ అయింది, మంచి ర్యాంకే వచ్చింది. ఆ రోజుల్లో సీటు కోసం పిల్లలు పెద్దవాళ్ళతో కౌన్సెలింగ్ హాలుకు వెళ్ళి, కంప్యూటర్ ముందున్న ఉద్యోగికి కాలేజీ పేరు చెప్పాలి. అక్కడ జరిగింది నాకు ఆ తండ్రే చెప్పాడు.

"మా కాలేజీ పేరే చెప్పింది మేడం. నేను కాదన్న. గది మళ్ళ అదే చెప్పింది. ఆ సారుకు కోపమొచ్చి, 'సదివేది ఎవరయ్యా?' అన్నడు. 'సదివేది గది. గని బండి నడిపేటోన్ని నేను, రూటు నేను చెప్త' అన్న. సిటీ కాలేజీ సివిల్ కొట్టిచ్చిన."

చెప్పి తనే పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పిల్ల తన బుద్ధితో తన దారి ఎంచుకోవాలని నేను ఇన్నేళ్ళు గొంతు చించుకున్నాను. చివరికి పిల్ల నోటి మాటను తండ్రి కొట్టేశాడు, అదీ పిల్ల మొదటి కోరిక కోసం. ఇది నా గెలుపో ఓటమో నాకు నేను వాదించుకుని కూడా తేల్చుకోలేకపోయాను. ఏ సభలోనైనా చెబితే రెండు పక్షాలవాళ్ళూ చప్పట్లు కొడతారు, ఇద్దరివీ వేరువేరు కారణాలు.

అప్పటికి నేను తూంకుంటలో ఒక కొత్త కాలనీకి ఇల్లు మారాను. పొద్దున శామీర్‌పేట వైపు బస్సు కోసం రోడ్డుకు ఒక పక్క నేను నిలబడేదాన్ని. ఎదుటి పక్క, సికింద్రాబాద్ బస్సు కోసం ఆ అమ్మాయి. ఆమె తండ్రి పసుపు బస్సు నా పక్కనే ఆగేది. మా కాలనీ పిల్లలిద్దరు ఎక్కేవారు. లోపల చాలామంది కిటికీలకు తలలాన్చి నిద్రపోతూ ఉండేవారు. ఆయన నాకు తల పంకించి, ఒకసారి రోడ్డుకు అవతల చూసి, గేరు వేసేవాడు. సరిగ్గా ఆ సమయానికి ఆ అమ్మాయి ఎప్పుడూ ఏదో పుస్తకం తెరిచి అందులో తల దూర్చేది.

ఒకరోజు రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్ళాను.

"ఎట్లుంది చదువు?"

"మస్తు కష్టం మేడం. రెండు బస్సులు మారి పోయేవరకే పానం పోతది. మా క్లాసుల ఆడపిల్లలం నలుగురమే. ల్యాబుల మొగపోరగాళ్ళే ముందట నిలవడ్తరు. నెట్టుకోని పోవాలె."

"నెట్టుకొని పోతున్నావా?"

"పోతున్న."

"మీ నాయిన ఏమంటున్నాడు?"

"ఇంట్ల మంచిగనే మాట్లాడుతడు. కాలేజీ ముచ్చట మాత్రం తియ్యడు. ఆయన కాలేజీదీ తియ్యడు, నాదీ తియ్యడు." బస్సు వచ్చే వైపు చూసి అడిగింది. "మేడం, ఆ దినం మీరు కుర్చీల కూసోవెట్టకపోతే ఆయన మనసుల ఉన్నది ఆ గేటేనని నాకు తెల్వకపోవు. తెల్వకపోతేనే మంచిగుండేదా?"

తెలుసుకోవడం ఎప్పుడూ మంచిదేనని చెప్పడానికి నా దగ్గర ఇన్నేళ్ళ ఉపన్యాసాలు సిద్ధంగా ఉన్నాయి. ఈలోగా సికింద్రాబాద్ బస్సు వచ్చింది, మెట్ల దాకా జనం. ఆమె జవాబు కోసం ఆగలేదు. పుస్తకం సంచిలో తోసి, ముందున్న ఇద్దరిని భుజంతో పక్కకు నెట్టి ఎక్కేసింది.