ఆదాం ఎడమకాలు

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లుల దగ్గర ఆదాం అంటే తెలియని లారీ డ్రైవరు లేడు. మీసాలు సరిగ్గా రాకముందే స్టీరింగ్ పట్టినవాడు, అరవై దగ్గర పడేదాకా వదల్లేదు. పత్తి బేళ్ళు కోయంబత్తూరుకు, మిరప టిక్కీ బస్తాలు నాగపూరుకు తోలాడు. ఘాట్ రోడ్లలో అంతంత బరువులతో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాల్లో గుజ్జు అరిగిపోయింది. ఇక క్లచ్ జోలికి పోతే చేతికర్రే గతి అని డాక్టరు తేల్చేశాడు. సరేనని క్లచ్ లేని బండి, ఒక పాత ఆటోమేటిక్ కారు కొనుక్కుని టాక్సీ మొదలుపెట్టాడు. కుడికాలే డ్యూటీ చేస్తుంది, ఎడమకాలికి రిటైర్మెంట్ ఇచ్చేశానని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెం ఏడాది నిలవలేదు. రోడ్డు మీద బుద్ధిగా పోయే కారు, ఎక్కడైనా ఆపబోతే ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోవడం మొదలుపెట్టింది. మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. పేటలో ఒక మెకానిక్ పెట్రోలు పంపు మార్చాడు. ఇంకొకడు ప్లగ్గులు మార్చాడు. మూడోవాడు బ్యాటరీ మీద పడ్డాడు. ఎవరి దగ్గరికి వెళ్ళినా రోగం వాళ్ళు మార్చగలిగే సామానులోనే ఉండేది. తిరిగి తిరిగి ఆదాం ప్రాణం విసిగిపోయింది.

రోజూ అతని కార్లోనే బడికి వెళ్ళే టీచరు జ్యోతిర్మయి కూడా చివరికి మానేసింది. హైవే మీద మలుపు దగ్గర బండి ఆగిపోయి, వెనక పత్తి లారీ హారన్ మోగిస్తూ మీదికి వచ్చిన రోజు ఆమె దిగి, "మీ మీద కోపం కాదండీ ఆదాం గారూ, భయం" అని బస్సెక్కి వెళ్ళిపోయింది. తిడితే పడేవాడే. ఆ మెత్తని మాటకి మాత్రం అతనికి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంట్లో సువార్తమ్మ ఊరుకుంటుందా? మొగుణ్ణి అడక్కుండానే మిల్లు మేనేజరుతో మాట్లాడి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ పని. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"కుర్చీలో కూర్చునే పనయ్యా. ఎండా లేదు, వానా లేదు. ఇంకెంతకాలం ఆ రోడ్ల మీద?" అంది.

అలసట లేదని ఆదాం అనలేడు. పొద్దున్నే మంచం దిగేటప్పుడు ఒళ్ళంతా వద్దు వద్దంటుంది. కానీ వచ్చే ప్రతి లారీకీ గేటు తీసి, తను బయటే నిలబడిపోవాలంటే అతనికి ఏడుపొచ్చేది. బండి బాగైతే ఆ గేటు తప్పుతుంది. ఆ ఒక్క ఆశతో గుంటూరులో ఆటోమేటిక్ గేరుబాక్సులు చూసే అమానుల్లా దగ్గరికి కారు తీసుకెళ్ళాడు.

అమానుల్లా మాటలు తక్కువ మనిషి. ముందు గేరుబాక్సులోంచి కాస్త ఆయిలు తీసి చూశాడు. ఎర్రగా ఉండాల్సింది నల్లగా, మాడిన కంపు కొడుతోంది. తర్వాత తనే కారు కాసేపు నడిపాడు. ఆపిన చోటల్లా అది చచ్చిపోయింది. కిందికి దూరి గేరుబాక్సు దగ్గర ఒక వైరు ఊడదీసి మళ్ళీ నడిపాడు. ఈసారి ఎన్నిసార్లు ఆపినా ఇంజను ఆగలేదు.

"లారీ గేర్లో ఉండగా క్లచ్ తొక్కకుండా బ్రేకేస్తే ఏమవుద్దన్నా?" అని అడిగాడు.

"ఇంజను ఆగిపోద్ది."

"ఇదీ అంతే. దీని గేరుబాక్సు లోపల కూడా ఒక క్లచ్ ఉంటది, నేను ఊడదీసిన వైరు దానిదే. స్పీడులో అదే పట్టుకుంటది, బ్రేకేస్తే అదే వదిలేస్తది. ఇప్పుడు వదలట్లా. ఆ క్లచ్ మాడి, రాలిన పొట్టు పోయి వాల్వులో ఇరుక్కుంది."

రెండు రోజులు పట్టింది. వాల్వులు కడిగి, ఆయిలు మార్చి, మూడో రోజు కారు బయటికి తీశాడు. ఈసారి ఆదాంనే నడపమని, తను కారుకి తగిలించిన చిన్న కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. బైపాసు మీద బండి మెత్తగా సాగిపోతోంది. ఆదాంకి ప్రాణం లేచొచ్చింది. అమానుల్లా మాత్రం కంప్యూటరు వంక చూసి, ఆదాం కాళ్ళ వంక చూశాడు.

"అన్నా, బ్రేకు మీద కాలెందుకు పెట్టావు?"

"నేనెక్కడ పెట్టానబ్బాయ్?"

"ఎడమకాలు చూసుకో."

చూసుకున్నాడు. క్లచ్ ఉండాల్సిన చోటు వెతుక్కుంటూ పోయి, వెడల్పాటి బ్రేకు పెడలు అంచు మీద ఎడమకాలు హాయిగా ఆనుకుని ఉంది. లారీలో క్లచ్ మీద ఎట్లా ఆనించి పోయేవాడో అట్లాగే.

"నువ్వు ఆనించినప్పుడల్లా లోపలి క్లచ్ వదులుద్ది, తీసినప్పుడల్లా పట్టుకుంటది. దినమంతా అదే పని. అందుకే మాడింది. ఇక ఆ కాలు అటు పోనీకు. మళ్ళీ మాడితే గేరుబాక్సు మొత్తం పోద్ది. అంతకుముందే బ్రేకులు వేడెక్కి పట్టక ఎక్కడో ఎవరినో గుద్దుతావు."

తిరుగుదారిలో ఆదాం ఎడమకాలిని సీటు కిందికి మడిచి పెట్టుకున్నాడు. మోకాలు సలిపినా ఓర్చుకున్నాడు. దారిలో టీ కోసం ఒకచోట ఆపితే ఇంజను చక్కగా తిరుగుతూనే ఉంది. రేపు టీచరమ్మకి ఫోను చేయాలనుకున్నాడు. అది అనుకుంటూ యడ్లపాడు దాటాడు. వెనకనుంచి మోటారుసైకిలు మీద వచ్చిన కుర్రాడు పక్కకు చేరి, "బాబాయ్, నీ బ్రేకు లైటు వెలుగుతానే ఉంది" అని అరిచి వెళ్ళిపోయాడు.

కాలు ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. నొప్పి కూడా దాన్ని ఆపలేదు. తీసి మళ్ళీ మడిచాడు. చిలకలూరిపేట పొలిమేరకి వచ్చేసరికి అది మళ్ళీ పెడలు మీదే ఉంది. ఈసారి దాన్ని మడవలేదు. కారు పక్కకు తీసి ఆపి, సువార్తమ్మకి ఫోను చేశాడు.

"బండి బాగైంది. ఇక ఆగదు."

"దేవుడు మేలు చేశాడు," అంది ఆమె.

"మిల్లులో పనికి వస్తానని చెప్పు."

"బండి బాగైతే మిల్లెందుకయ్యా?"

"కాలు నా మాట వినట్లేదే," అన్నాడు ఆదాం.